లడ్డూలో పంచదార లేదు

వైద్యం తెలియని తెలుగువాడు ఇంకా పుట్టలేదు. ఎదుటివాడు తుమ్మితే మిరియాల కషాయం, దగ్గితే కరక్కాయ, ఊరికే నుంచుని ఆవులించినా "రక్తం తక్కువైనట్టుంది, మునగాకు తినండి" అని అడక్కుండానే చెప్పేస్తాం. డాక్టరు ఫీజు పుచ్చుకుని చెబుతాడు. మనం ఎదురు కాఫీ పోయించి మరీ చెబుతాం. ఈ జబ్బు నాకు మరికాస్త ఎక్కువ. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక బెంచీల మీద కూర్చునే పిల్లలు కరువై, గోదావరి గట్టు మీద పొద్దున్నే నడిచే పెద్దమనుషులందరినీ నా క్లాసులో చేర్చుకున్నాను. మోకాళ్ళ నొప్పుల నుంచి బట్టతల దాకా నా దగ్గర మందు లేని రోగం లేదు. నా బట్టతల సంగతి మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. అది వాళ్ళ సంస్కారం.

అలాంటి నాకు షుగరొచ్చింది.

రావడం వింతేమీ కాదు. రాజమండ్రిలో పుట్టి, రోజ్‌మిల్కు తాగి పెరిగి, ఆత్రేయపురం పక్కన అత్తారిల్లు చేసుకుని, తాపేశ్వరం కాజా లేని శుభకార్యాన్ని శుభకార్యంగానే గుర్తించని మనిషికి షుగరు రాకపోతే పేపర్లో వెయ్యాలి. నన్ను కుంగదీసింది షుగరు కాదు, బిళ్ళ. మా డాక్టరు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ రెండూ కలిసిన బిళ్ళ రాశాడు. "టిఫినుకి ముందు వేసుకోండి మాస్టారూ. వేసుకున్నాక మాత్రం తినడం మానకండి" అన్నాడు.

'అన్నాడు' అంటున్నానని ఏమీ అనుకోకండి. అతను పదో క్లాసులో నా దగ్గర లెక్కలు నేర్చుకుని బొటాబొటిగా గట్టెక్కిన కుర్రాడు. ఇప్పుడు మెడలో స్టెతస్కోపు, గోడ నిండా పట్టాలు. అయినా నా కంటికి బోర్డు దగ్గర చాక్‌పీసు పట్టుకుని బిక్కమొహం వేసిన నిక్కరు కుర్రాడే కనిపిస్తాడు. వీడికి నేను వేసిన మార్కులెన్ని, వీడు నాకు చెప్పేదేమిటి అనుకున్నాను. అందుకే బిళ్ళ పేరు విన్నాను గానీ, దాని వెనక చెప్పిన ముక్క వినలేదు.

పైగా పరువు సమస్య. నలుగురికీ ఆకులూ వేళ్ళూ చెప్పే నేను, అందరిలాగే పొద్దున్నే బిళ్ళ మింగుతున్నానని గట్టు మీద తెలిస్తే ఇంకేమన్నా ఉందా? "ఇంగ్లీషు మందు అవతల పారేశాను. అంతా ప్రకృతే" అని ప్రకటించాను. నిజంగా పారెయ్యడానికి ధైర్యం చాల్లేదు. మా నాన్నగారు షుగరుతోనే కాలు పోగొట్టుకున్నారు. కాబట్టి తలుపు వేసుకుని బిళ్ళ మింగి, తలుపు తీసి ఆకులు నమిలేవాణ్ణి. గట్టు వాళ్ళ దగ్గర బిళ్ళ దాచాను, డాక్టరు దగ్గర ఆకులు దాచాను. రెండు కాపురాలు చేసేవాడు కూడా ఇంత జాగ్రత్తగా ఉండడు.

ఇక ప్రకృతి అంటే మామూలు ప్రకృతి కాదు. పరగడుపున గ్లాసుడు కాకరకాయ రసం. ఆ పైన రాత్రంతా నానిన మెంతులు. కాసేపాగి నేరేడు గింజల పొడి. మధ్యలో తిప్పతీగ. అన్నిటికీ తలమానికంగా పొడపత్రి ఆకు. వంటింట్లో పోపులడబ్బా పెట్టుకునే జాగా లేక మా ఆవిడ దాన్ని ఫ్రిజ్ మీదకి ఎక్కించింది. "ఏవండీ, ఈ ఆకులన్నీ మీకా, మేకని ఏమన్నా కొంటున్నారా?" అంది ఒకరోజు. మేధావి భార్యలంతా ఇంతే అని సరిపెట్టుకున్నాను.

వీటికి తోడు అన్నం మానేశాను. కోనసీమ బియ్యం తిని పెరిగినవాడు అన్నం మానేస్తే మా జిల్లాలో సన్యాసుల్లో కలిసినట్టే లెక్క. ఇడ్లీ పిండి పదార్థం, పెసరట్టులో ఉప్మా పిండి పదార్థం, చివరికి మా ఆవిడ మొహానికి రాసుకునే సెనగపిండి వైపు కూడా అనుమానంగా చూసేవాణ్ణి.

ఇక్కడ పొడపత్రి గురించి కాస్త చెప్పాలి. నా పరువు తీసింది ఆ ఆకే. అడవుల్లో చెట్లకి అల్లుకునే తీగ అది. సంస్కృతంలో మేషశృంగి అంటారు, హిందీవాళ్ళు గుడ్‌మార్ అంటారు. మధుమేహానికి వాడే మూలికల్లో ఎప్పటినుంచో ఉంది. ఆకు బాగా నమిలి ఊసేసి, ఆ తర్వాత పంచదార నోట్లో వేసుకుంటే అచ్చం ఇసక నమిలినట్టుంటుంది. కారం, ఉప్పు, పులుపు భేషుగ్గా తెలుస్తాయి. తీపి ఒక్కటే మాయం. అరగంటో గంటో అంతే. ఎడ్జ్‌వర్త్ అనే దొర ఈ విడ్డూరాన్ని గమనించిన సంగతి 1847 నాటికే రికార్డుకెక్కింది. ఆ తర్వాత ఊటీలో పనిచేసిన డేవిడ్ హూపర్ అనే రసాయన శాస్త్రవేత్త 1880లలో ఆకులోంచి ఆ పదార్థాన్ని విడదీసి చూపించాడు. దాని పేరు జిమ్నెమిక్ ఆమ్లం. నాలుక మీద తీపిని పట్టే చోట్లకి అది అడ్డం పడుతుంది.

ఇవన్నీ చదివి గట్టు మీద ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. మెట్‌ఫార్మిన్ కథ కూడా చెప్పేవాణ్ణి. యూరప్‌లో గలీగా అనే మొక్క ఉంది. దాన్లోని సరుకు వెంటపడి పోతే చివరికి తేలినది మెట్‌ఫార్మిన్. దాన్ని షుగరుకి మందుగా 1957లో నిలబెట్టినవాడు జాన్ స్టెర్న్ అనే ఫ్రెంచి డాక్టరు. "చూశారా, వాళ్ళ బిళ్ళకీ తాత మొక్కే!" అని తొడగొట్టేవాణ్ణి. అందరూ తలలూపేవాళ్ళు.

లెక్కల మాస్టార్ని కదా, అక్కడ లెక్క సరిగ్గా చెయ్యాల్సింది. మొక్కలోంచి మందు పుట్టిందంటే మొక్కకి మందంత బలం ఉండొచ్చని అర్థం. బలం ఉన్నది మంచీ చేస్తుంది, కీడూ చేస్తుంది. నేనేమో ఆకు షుగరుని దించేస్తుందని గుండె మీద చెయ్యేసుకుని నమ్మాను. అదే ఆకు మరీ దించేస్తే ఎలా అని ఒక్కనాడూ భయపడలేదు. పనిచేసేటప్పుడు అది దివ్యౌషధం, ప్రమాదం మాటొస్తే వట్టి ఆకు. మీరు మాత్రం అలా అనుకోలేదా, నిజం చెప్పండి.

కొన్నాళ్ళకి పదకొండు గంటలయ్యేసరికి ఒంట్లో ఏదో జరగడం మొదలైంది. వేళ్ళు సన్నగా వణికేవి. నుదుటి మీద చల్లటి చెమట. గుండె దడ. రోలు మింగేసేంత ఆకలి. దాంతోపాటు కారణం అక్కర్లేని కోపం. ఒకనాడు దండెం మీద బట్టల క్లిప్పులు వరసలో లేవని మా ఆవిడతో యుద్ధం ప్రకటించాను. ఆకులమ్మే ఆయనకి ఫోన్ చేస్తే, "ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయండీ, ఇంకాస్త మోతాదు పెంచండి" అన్నాడు. పెంచాను. నా ఒంట్లో అన్నేళ్ళుగా అంత విషం ఉందని తెలిసి ఒకరకంగా గర్వపడ్డాను కూడా.

అప్పుడు వచ్చింది మా చెల్లెలి కూతురి పెళ్ళి.

మన పెళ్ళిళ్ళలో మేనమామకి దొరికే ఒకే ఒక్క కథానాయక పాత్ర, పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తీసుకురావడం. మామూలుగా ఇద్దరు ముగ్గురు తలో చెయ్యీ వేస్తారు. "ముందువైపు నేనొక్కణ్ణే పడతాను. ప్రకృతి వైద్యం ఏమిటో మగపెళ్ళివారు కూడా చూడాలి" అన్నాను. మా బావ వద్దన్నాడు. మా చెల్లెలు వద్దంది. బుట్ట అద్దెకిచ్చినవాడు కూడా నా వాలకం చూసి సందేహించాడు.

పెళ్ళిరోజు పొద్దున్న తలుపు వేసుకుని బిళ్ళ మింగాను. తలుపు తీసి కాకరకాయ రసం తాగాను. శుభకార్యం కదా అని పొడులన్నీ ఒక చెంచా ఎక్కువే వేసుకున్నాను. టిఫిన్ల దగ్గర గారెలు, ఉప్మా, ఇడ్లీ పొగలు కక్కుతుంటే, అందరికీ వినపడేలా "నేను ముట్టను" అన్నాను. ఎవరూ బతిమాలలేదు. అదొక్కటే కాస్త బాధేసింది.

పది దాటాక విడిదిలో మగపెళ్ళివారి పెద్దల్ని పోగేసి పొడపత్రి ప్రదర్శన పెట్టాను. పెళ్ళికొడుకు తండ్రి, బాబాయిలు, భీమవరం నుంచి వచ్చిన తాతగారు, అందరి చేతిలో తలో ఆకు. నేనూ నమిలాను. తర్వాత చిటికెడు పంచదార. "అరే, తీపి లేదే!" అని తాతగారు చిన్నపిల్లాడిలా కేరింతలు కొట్టారు. నేను కాలరెత్తుకున్నాను. ఈలోగా మేళం వాళ్ళు, అయ్యవారు, "మేనమామగారెక్కడ?" అని కేకలు.

ఇక్కడినుంచి నాకు గుర్తున్నది కొంత, వీడియోలో ఉన్నది కొంత. వీడియోలో ఉన్నదే ఎక్కువ.

బుట్ట ఎత్తాను. పిల్ల బక్కపలచనిదే గానీ పట్టుచీరా, నగలూ, పూలజడా, కొబ్బరిబోండాం అన్నీ కలిసి అది మా ఇంటి బీరువాని మించింది. నాలుగడుగులు వేసేసరికి చెమట. ఇంకో నాలుగు వేసేసరికి వణుకు. "మావయ్యా, నీ చేతులు వణుకుతున్నాయి" అంది పిల్ల బుట్టలోంచి. "ఆనందం తల్లీ" అన్నాను. "మావయ్యా, నన్ను దింపేయ్" అంది. "మీ మావయ్య ఉక్కు తల్లీ" అన్నాను. ఉక్కు అప్పటికే కరుగుతోంది. మండపం మెట్ల దగ్గర బుట్ట ఒక పక్కకి ఒరిగింది, మా బావ పట్టుకున్నాడు, పిల్ల దూకేసింది, కొబ్బరిబోండాం దొర్లి మేళం వాళ్ళ డోలుకి తగిలింది, డోలు ఆగింది, అందరూ నావైపే చూశారు. అక్కడితో కూర్చుని ఉంటే బాగుండేది. కూర్చోలేదు. నేరుగా పెళ్ళికొడుకు ముందుకెళ్ళి నుంచుని, వేలు చూపిస్తూ, "పదిహేడో ఎక్కం అప్పజెప్పు" అన్నాను. కుర్రాడు బెంగుళూరులో సాఫ్ట్‌వేరు ఇంజనీరు. నవ్వాడు. "నవ్వు కాదు, పదిహేడారులు ఎంత?" అని గద్దించాను. నీళ్ళు నమిలాడు. "పదిహేడారులు రానివాడికి మా పిల్లనివ్వం! మేళం ఆపండి!" అని ప్రకటించి, ఆగిపోయిన మేళాన్ని మళ్ళీ ఆపించి, అయ్యవారి పక్కన కూలబడ్డాను.

వీడియోలో ఇక్కడ మా చెల్లెలి మొహం కనిపిస్తుంది. దాని గురించి నేను రాయలేను.

ఎవరో భోజనాల దగ్గర్నుంచి లడ్డూ పట్టుకొచ్చి నోట్లో కుక్కారు. నమిలాను. ఇసక. ఉమ్మేశాను. "మోసం! లడ్డూలో పంచదార లేదు! క్యాటరింగ్ వాడు మోసం చేశాడు!" అని అరిచాను. పిచ్చివాడి మాట అని వదిలేసేవాళ్ళే. కానీ పెళ్ళికొడుకు తండ్రి అనుమానంతో తనూ ఒక లడ్డూ కొరికాడు. ఆయనా ఆకు నమిలినవాడే. మొహం మాడ్చుకుని, "నిజమే, వట్టి సెనగపిండి ముద్ద!" అన్నాడు. బాబాయిలు కొరికారు. "అవును!" తాతగారు కొరికారు. "మా వంశంలో ఇంత అవమానం లేదు" అన్నారు. తెల్ల చొక్కా వేసుకున్న క్యాటరింగ్ అతను పరిగెత్తుకొచ్చి, లడ్డూ తిని, "తియ్యగానే ఉంది బాబూ" అని ఏడుపు మొహం పెట్టాడు. పక్కన పిల్లలు తలా రెండు లడ్డూలు లాగించేస్తున్నారు. వాళ్ళ సాక్ష్యం ఎవరికీ అక్కర్లేకపోయింది.

తెలుగువారి పెళ్ళిలో తాళిబొట్టు మర్చిపోయినా మర్చిపోతారు గానీ గ్లూకోమీటరు లేకుండా ఎవరూ రారు. ఎవరో పెద్దావిడ తన సంచిలోంచి మిషన్ తీసి నా వేలు గుచ్చింది. 43.

అది విన్న మా ఆవిడ అటూ ఇటూ చూసింది. అయ్యవారి పళ్ళెంలో ముహూర్తానికి సిద్ధం చేసిన జీలకర్ర బెల్లం ఉంది. గుప్పెడు తీసింది. "అమ్మా, అది ముహూర్తానికి!" అని అయ్యవారు లబలబలాడారు. "మా ఆయన ముహూర్తం ముందొచ్చేలా ఉంది పంతులుగారూ" అని నా దవడలు పట్టుకుంది. నేను మళ్ళీ తల అడ్డంగా ఊపుతుంటే, "రుచి చూడకండి. మింగండి" అంది. మింగాను. జీలకర్ర రుచి మాత్రం బ్రహ్మాండంగా తెలిసింది. దాని మీద రెండు గ్లాసుల పానకం పోయించింది. నాలుకకి తెలియలేదు గానీ రక్తానికి తెలిసింది. పావుగంట పోయాక మళ్ళీ గుచ్చితే 81. లోకం మెల్లగా తన చోటుకి వచ్చింది. ఆ లోకంలో నేను చేసినవన్నీ కూడా ఉన్నాయి.

అయ్యవారు వంటశాలలోంచి కొత్త బెల్లం తెప్పించి ముహూర్తం దాటకుండానే పెళ్ళి జరిపించారు. నేను చూడలేదు. ఆటోలో ఆసుపత్రికి వెళుతున్నాను.

ఆసుపత్రిలో మా డాక్టరు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "మాస్టారూ, బిళ్ళ కాకుండా ఇంకేం తీసుకుంటున్నారు?" అని అడిగాడు. నేను పైకప్పు కేసి చూశాను. మా ఆవిడ చేతిసంచి బల్ల మీద బోర్లించింది. డబ్బాలు, సీసాలు, పొట్లాలు, ఆకులు. ఆయన (అవును, ఇక్కడినుంచి 'ఆయన'!) ప్రిస్క్రిప్షన్ చీటీ తిప్పి దాని వెనక ఒక లెక్క రాశాడు. బిళ్ళ, మైనస్. కాకర, మైనస్. మెంతులు, మైనస్. పొడపత్రి, మైనస్. టిఫిను మానేయడం, మైనస్. బుట్ట మొయ్యడం, పెద్ద మైనస్. "మీరే చెప్పేవారు కదండీ, మైనస్సులు కూడితే ఇంకా పెద్ద మైనస్సే వస్తుందని" అన్నాడు. నేను ఆ కుర్రాడికి మార్కులు తక్కువేశానని అప్పుడు అర్థమైంది.

తర్వాత ఓపిగ్గా చెప్పాడు. గ్లిమెపిరైడ్ జాతి మందుల సంగతి బయటపడిందే ఇలాంటి ప్రమాదంలోనట. 1942లో ఫ్రాన్సులోని మోంపెలియేలో మార్సెల్ జాన్‌బోన్ అనే డాక్టరు టైఫాయిడ్ రోగులకి ఒక కొత్త సల్ఫా మందు ఇస్తే, జ్వరం మాట అటుంచి కొందరికి షుగరు పడిపోయి ఫిట్స్ వచ్చాయి. ప్రాణాలు పోయినవాళ్ళూ ఉన్నారు. ఇదెందుకు జరిగిందని లూబతియేర్ అనే శాస్త్రవేత్త పట్టుకుని తవ్వితే, ఆ మందు క్లోమాన్ని పొడిచి ఇన్సులిన్ని బయటికి తోడిస్తుందని తేలింది. ఆ దారిలో పుట్టినవే నా బిళ్ళలోని గ్లిమెపిరైడ్ లాంటివి. మనం తిన్నామా, పస్తున్నామా అని దానికి పట్టింపు లేదు. తన పని తాను చేస్తుంది. పైగా దాని జోరు రోజంతా ఉంటుంది, ఒకసారి లేచిన షుగరు మళ్ళీ పడొచ్చు. అందుకే ఆ రాత్రి నన్ను గ్లూకోజు సీసాతో సహా అక్కడే పడుకోబెట్టారు. ఒక్క మెట్‌ఫార్మినే అయితే ఇంత పని చెయ్యడం అరుదట.

పదకొండింటి వణుకు సంగతి కూడా తేలిపోయింది. షుగరు 70 కిందకి జారగానే ఒళ్ళు అడ్రినలిన్ వదిలి గోల పెడుతుంది. వణుకు, చెమట, దడ, ఆకలి ఆ గోలే. 54 కిందకి పోతే మెదడుకే మేత చాలదు. అప్పుడు మనిషి తాగినవాడిలా తూలతాడు, తగాదాలాడతాడు, పెళ్ళికొడుకుల్ని ఎక్కాలు అడుగుతాడు. నా ఒంట్లోంచి పోయినవి విషాలు కావు, బుద్ధి.

అంతటితో బాగుపడ్డాననుకుంటున్నారు కదూ. బుద్ధి అంత తొందరగా వస్తే ఇక మనం మనం ఎందుకవుతాం? షుగరు దించడానికి ఆకులున్నప్పుడు ఎక్కించడానికి మాత్రం వేరు లేకపోతుందా అని వెతికాను. దొరికింది. అతిమధురం. పుల్ల నోట్లో పెట్టుకుంటే చక్కెరని మించిన తీపి. నీరసానికీ, లో షుగర్‌కీ దివ్యమని ఎవరో అన్నారు. జేబులో పుల్లలు, ఫ్లాస్కులో కషాయం. మా డాక్టరు రాసిన గ్లూకోజు పొడి అలమరలో. మళ్ళీ పరీక్షకి వెళ్ళేసరికి షుగరు మామూలే గానీ బీపీ ఆకాశానికంటింది, కాళ్ళు కాస్త పొంగాయి. ఆయన కళ్ళు మూసుకుని, "ఇప్పుడేమిటి మాస్టారూ?" అన్నాడు. అతిమధురంలో తీపినిచ్చేది గ్లిసరైజిన్ అనే పదార్థమట. చక్కెర కాదు కాబట్టి పడిపోయిన షుగరుని తక్షణం లేపడానికి అది పనికిరాదు. రోజూ దట్టిస్తే ఒంట్లో ఉప్పూ నీరూ పట్టేసి బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. అంటే పొడపత్రి నమిలి తీపి ఉన్నా లేదనుకున్నాను, అతిమధురం నమిలి షుగరు లేకున్నా ఎక్కిందనుకున్నాను. రెండుసార్లూ నాలుకనే నమ్మాను.

ఇంకొక్కటి కూడా చెప్పేస్తాను, ఎలాగూ మీ ముందు దాచడానికి ఏమీ మిగల్లేదు. లో షుగర్ వస్తే తినడానికని బ్యాగులో పెట్టుకున్న బిస్కెట్లు షుగర్ ఫ్రీవి. కొన్న చాక్లెట్టూ షుగర్ ఫ్రీదే. షాపువాడు రెండూ సంచిలో వేస్తూ "ఆరోగ్యం మీద మీకున్న శ్రద్ధ ఎవరికుంటుంది సార్" అన్నాడు. పొంగిపోయాను.

ఇప్పుడు నా సంగతి ఇదీ. బిళ్ళ మోతాదు డాక్టరు తగ్గించారు. ఎనిమిదిన్నరకల్లా టిఫిను పడాల్సిందే. రెండు ఇడ్లీలో, ఉప్మా లేని పెసరట్టో. మధ్యాహ్నం కప్పు కొలతన అన్నం, దానికి రెండింతలు కూర, పప్పు, మజ్జిగ. దూరం నడిచే రోజున ముందు ఏదో ఒకటి కడుపులో వేసుకుంటాను. కాకరకాయ ఇప్పుడూ తింటాను, బెల్లం లేని పులుసుకూరగా, మనుషులు తిన్నట్టు. మెంతుల్ని వదల్లేదు. మా హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళే వాటి మీద పరిశోధనలు చేశారు. మెంతుల్లో ఉండే జిగురు పీచు అన్నంలోని షుగరు రక్తంలోకి దూకకుండా నెమ్మదిస్తుంది. కానీ చెంచా ఎంతో డాక్టరుకి తెలుసు, ఆ చెంచాని కలుపుకునే ఆయన బిళ్ళ లెక్క కడతారు. ఆకుల్ని తిట్టే మనిషిని కాను నేను. వాటిని దాచిన మనిషిని.

జేబులో గ్లూకోజు పొడి ఉంటుంది. అది లేకపోతే మూడు చిన్న చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి, పదిహేను గ్రాముల లెక్క. పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూసుకోవాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్ళీ తాగాలి. లేచాక ఇడ్లీయో అరటిపండో తినాలి, లేకపోతే మళ్ళీ జారుతుంది. వేరుశనగ చిక్కీ, మామూలు చాక్లెట్టు ఆ క్షణానికి పనికిరావు, వాటిలోని కొవ్వు చక్కెరని తొందరగా కదలనివ్వదు. మనిషి స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చెయ్యాలి. ఇవన్నీ మా ఆవిడ ఫ్రిజ్ తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించింది. కింద 17 × 6 = 102 అని కూడా రాసింది. ఎవరన్నా వస్తే అదేమిటని అడుగుతారు. నేను పేపరు చదువుకుంటున్నట్టు నటిస్తాను.

గట్టు మీద క్లాసు మూతపడలేదు గానీ సిలబస్ మారింది. మొన్న ఒకాయన పక్కకి పిలిచి, "మాస్టారూ, నేనూ మీలాగే బిళ్ళ మానేసి..." అని మొదలుపెట్టాడు. నాలుగు ప్రశ్నలడిగితే అతనూ తలుపు వేసుకుని మింగుతున్నవాడే. ఇంకొకాయనా అంతే. మా గట్టు మీద ప్రకృతి మీద బతుకుతున్నవాళ్ళంతా జేబులో స్ట్రిప్పు పెట్టుకుని తిరుగుతున్నారని తెలిసి ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మీ వంటింట్లో కూడా అలాంటి డబ్బా ఒకటుంటుంది. నాకు తెలుసు. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు రిపోర్టులతోపాటు ఆ డబ్బా కూడా పట్టుకెళ్ళండి. సిగ్గేస్తే మీ ఆవిడకిచ్చి పంపండి, ఆవిడకి సిగ్గేమీ ఉండదు.

క్యాటరింగ్ అతనికి మగపెళ్ళివారి మాట మీద మా బావ బిల్లులో కోత వేశాడు. నేను వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పి, కోసిన సొమ్ము నా పెన్షన్లోంచి ఇచ్చుకున్నాను. అతను పెద్దమనిషి, నవ్వేసి టీ ఇప్పించాడు. పెళ్ళికొడుకు తండ్రి మాత్రం, రాజమండ్రి వాళ్ళు లడ్డూల్లో పంచదార వెయ్యరని భీమవరంలో ఇప్పటికీ చెప్పుకుంటున్నాడట. మీరెవరన్నా అటువైపు వెళితే, దయచేసి ఆకు సంగతి ఆయనకి చెప్పకండి.